రెండు రంగుల దాడి: మ్యాజిక్ కార్డుల ఆట చరిత్రలో మలేషియా

మలయా ద్వీపకల్పపు రేవు పట్టణాలలో కార్డుల ఆటలు చాలా కాలంగా ఉన్నాయి. పెనాంగ్, మలక్కాలలో స్థిరపడి, తమ చైనా ఆచారాలలో మలయ్ అలవాట్లను కలుపుకొన్న బాబా-న్యోన్యా కుటుంబాలవారు సన్నగా, పొడవుగా ఉండే చెకి కార్డులతో పొద్దుపుచ్చేవారు. చైనా నుంచి వచ్చినవారి నాలుగు రంగుల కార్డుల ఆటలో 28 రకాల ముక్కలు, రకానికి నాలుగు చొప్పున మొత్తం 112 ఉంటాయి. తెలుగువారికి తెలిసిన దశావతార గంజీఫాలో పది వర్గాలు, వర్గానికి 12 చొప్పున 120 ముక్కలుంటే, నేటి పేకాట కట్టలో 52 ఉంటాయి. ఈ ఆటలన్నిటిలోనూ కట్టలో ఏయే ముక్కలుండాలో సంప్రదాయమే నిర్ణయించింది. అందరూ ఒకే కట్టనుంచి పంచుకుంటారు కనుక, ఆటగాడి నేర్పు చేతికి వచ్చిన ముక్కలను వాడుకోవడంలోనే కనిపిస్తుంది. గణితశాస్త్రంలో పరిశోధన చేసిన రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించగా, అమెరికాలోని విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ 1993 ఆగస్టులో విడుదల చేసిన మ్యాజిక్: ద గ్యాదరింగ్ ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. ఇందులో ప్రతి ఆటగాడూ వందలాది కార్డులలోంచి తనకు నచ్చినవి ఏరి, తన కట్టను తానే కూర్చుకొని పోటీకి వస్తాడు; అందుచేత ఆటలో సగం బల్ల ముందు కూర్చోకముందే జరిగిపోతుంది. ఆ కట్టనే ఆటగాళ్లు డెక్ అంటారు.

ఎంపిక ఎంత కష్టమో తెలియాలంటే ఆట నియమాలు కొన్ని తెలియాలి. సాధారణ పోటీలో డెక్‌లో కనీసం 60 కార్డులుండాలి. ల్యాండ్ అనే భూమి కార్డులలో మౌలికమైనవాటిని మినహాయిస్తే ఏ కార్డునూ నాలుగు ప్రతులకు మించి పెట్టరాదు. ప్రతి ఆటగాడూ 20 ప్రాణాంకాలతో, ఏడు కార్డుల చేతితో మొదలుపెడతాడు. ఎదుటివాని అంకాలను సున్నాకు దించినవాడు గెలుస్తాడు. వంతుకు ఒకటి చొప్పున బల్లపై దించే ల్యాండ్‌లు మానా అనే శక్తిని ఇస్తాయి, దానితో క్రీచర్లు అనే పోరాడే జీవులను, స్పెల్స్ అనే మంత్రాలను వెల చెల్లించి ప్రయోగించాలి. మానాకు తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అనే ఐదు రంగులున్నాయి. వలయంలో అమర్చిన ఈ రంగులలో పక్కపక్కనున్నవి మిత్రులు, ఎదురెదురుగా ఉన్నవి శత్రువులు, కాబట్టి రెండేసి రంగుల జోడులు మొత్తం పది. తొలి నియమాల్లో పందెం కూడా ఉండేది: ఇద్దరి కట్టలనుంచీ తీసి పక్కన పెట్టిన కార్డులు గెలిచినవాని సొంతమయ్యేవి. టోర్నమెంట్లు ఈ పద్ధతిని త్వరలోనే వదిలేశాయి. 1953 నాటి పందేల చట్టం, జూదగృహాల చట్టం నేటికీ అమల్లో ఉన్న మలేషియా వంటి దేశంలో ఆట జూదానికి దూరంగా నిలవడానికి ఈ మార్పు అవసరమైనదే.

దాడి డెక్ అంటే ఎదుటివాడు కుదురుకొనేలోపే అతని 20 అంకాలను హరించడానికి కూర్చిన కట్ట. దీనిలోని లెక్క సరళమైనదే. మొదటి వంతులో రెండు బలమున్న జీవి, రెండో వంతులో మరో రెండు బలమున్నది, మూడో వంతులో మూడు బలమున్నది దిగాయనీ, అడ్డుపడేవారెవరూ లేరనీ అనుకుంటే, దిగిన వంతులోనే జీవి దాడి చేయరాదు కనుక, రెండో వంతునుంచి వరుసగా 2, 4, 7, 7 అంకాల దెబ్బ తగిలి ఐదో వంతుకు సరిగ్గా 20 పూర్తవుతాయి. మొదటి వంతు జీవికి కావలసిన రంగు దొరకక, అది నాలుగో వంతుదాకా చేతిలోనే ఉండిపోతే, అదే ఐదో వంతుకు తగిలే మొత్తం 14 మాత్రమే. ఒక్క రంగు ల్యాండ్ ఆలస్యమైతే ఆరు అంకాలు చేజారుతాయన్న ఈ లెక్కలోనే దాడి డెక్‌ల చరిత్రంతా ఇమిడి ఉంది. ఒకే రంగుకు కట్టుబడితే ఈ బెడద లేదు; 1996లో అట్లాంటాలో పాల్ స్లై ఆడిన, జే ష్నైడర్ రూపకల్పన చేసిన ఎర్ర డెక్ ఆ మార్గంలోనే పేరు తెచ్చుకొని, ఏ వెలకు ఎన్ని కార్డులుండాలో వంతులవారీగా లెక్క కట్టే మానా కర్వ్ అనే పద్ధతిని ఆటలో స్థిరపరచింది. అయితే ఒక్క రంగులో దొరికే మంచి కార్డులు కొన్నే, పైగా ప్రతి రంగుకూ తాను తీర్చలేని లోటొకటి ఉంటుంది. రెండో రంగు ఆ లోటు తీరుస్తుంది, కాని దానికి మూల్యం వేగం రూపంలో చెల్లించవలసి వస్తుంది.

ఆ మూల్యాన్ని తగ్గించేవి రెండు రంగులనూ ఇవ్వగల ల్యాండ్‌లు. 1993 నాటి తొలి ముద్రణలోనే బ్యాడ్‌ల్యాండ్స్ వంటి జంటరంగు ల్యాండ్‌లు ఉన్నాయి. ఏ షరతూ లేకుండా కోరిన రంగునిచ్చే వీటిని 1994 నాటి రివైజ్డ్ సంపుటి తరువాత మళ్లీ అచ్చువేయలేదు. 1995లో వచ్చిన ఐస్ ఏజ్ సంపుటి మిత్ర రంగులకు మరో రకం ల్యాండ్‌లనిచ్చింది; రంగు మానా తీసుకున్న ప్రతిసారీ ఇవి యజమాని ప్రాణాంకాలలో ఒకటి కోస్తాయి. శత్రు రంగుల జోడులకు అలాంటివి 2001లో గాని అందలేదు. దాడి చేసేవాడికి తన ప్రాణాంకాలకన్నా వంతులే విలువైనవి కనుక ఈ కోత అతనికి భరించదగ్గదే, రక్షణకు మొగ్గేవాడికి మాత్రం అది బరువు. దీనివల్ల ల్యాండ్‌ల రూపకల్పన ఒక్కో కాలంలో ఒక్కో శైలికి మేలు చేస్తూ వచ్చింది.

మలేషియా ఈ చరిత్రలోకి మొదట ఆతిథ్యదేశంగా ప్రవేశించింది. ఎంపికైన కొద్దిమంది మేటి ఆటగాళ్లతో జరిగే ఇన్విటేషనల్ అనే పోటీకి ఒక ప్రత్యేకమైన బహుమతి ఉండేది: విజేత ఊహించిన కార్డును సంస్థ అచ్చువేసి, దాని బొమ్మలో అతని ముఖాన్నే చిత్రింపజేసేది. కౌలాలంపూర్‌లో జరిగిన ఇన్విటేషనల్‌లో అమెరికన్ ఆటగాడు క్రిస్ పికులా గెలిచాడు. అతని కార్డు మెడ్లింగ్ మేజ్ 2001 ఫిబ్రవరిలో వచ్చిన ప్లేన్‌షిఫ్ట్ సంపుటిలో వెలువడింది. ఒక తెల్ల మానా, ఒక నీలి మానా వెలగా కలిగి, రెండు బలంతో దాడి చేసే ఈ జీవి, దిగేటప్పుడు యజమాని పేర్కొన్న కార్డును ఎవరూ ప్రయోగించకుండా ఆపుతుంది. దెబ్బ కొడుతూనే జవాబుకు దారి మూసే ఈ గుణం ఏ ఒక్క రంగు సొత్తూ కాదు. అది దక్కాలంటే రెండో వంతుకే రెండు రంగులూ సిద్ధంగా ఉండాలి.

ఇలాంటి డెక్‌ను కూర్చే మలేషియా ఆటగాడికి ఆట బయటి లెక్క కూడా ఒకటుండేది. ఆసియా ఆర్థిక సంక్షోభం ముందు డాలరుకు సుమారు రెండున్నర రింగిట్‌లుండగా, 1998 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ మారకపు రేటును 3.80 వద్ద కట్టివేసి 2005 జూలై వరకు అలాగే ఉంచింది. మ్యాజిక్ కార్డులు దిగుమతి సరుకు. దాడి డెక్‌లోని జీవులలో చాలావరకు ప్రతి పొట్లంలోనూ తరచుగా దొరికే సాధారణ కార్డులే అయినా, జంటరంగు ల్యాండ్‌లు ఎక్కువగా అరుదైన వర్గంలో అచ్చవుతాయి. అందువల్ల దాడి డెక్‌లో జీవులు చవక, భూములు ఖరీదు అన్న పరిస్థితి బలహీనమైన కరెన్సీ ఉన్నచోట మరింత ముదురుతుంది.

ఈ కాలంలోనే మలేషియా ఆటగాడు టెరీ సో అంతర్జాతీయ వేదికపైకి వచ్చాడు. 2004లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అతను చివరి ఎనిమిది మందిలో నిలిచాడు; ఆ పోటీలో నెదర్లాండ్స్‌కు చెందిన జూలియన్ నౌటెన్ విజేత. మరుసటి సంవత్సరం లాస్ ఏంజెలిస్‌లో, ఈ3 అనే వీడియో గేముల ప్రదర్శనలో భాగంగా జరిగిన ఇన్విటేషనల్‌లో సో గెలిచాడు. పికులా విజయానికి కౌలాలంపూర్ వేదిక మాత్రమే అయింది. ఈసారి ఒక మలేషియా ఆటగాడి ముఖమే కార్డుపైకి ఎక్కింది.

ఆ కార్డు అచ్చయిన సందర్భం రెండు రంగుల డెక్‌లకు మహర్దశ వంటిది. 2005 అక్టోబరులో రావ్నికా, 2006 ఫిబ్రవరిలో గిల్డ్‌పాక్ట్, మే నెలలో డిసెన్షన్ అనే మూడు సంపుటాలు వరుసగా వచ్చి, పది రంగుల జోడులకూ గిల్డ్ అనే పది సంఘాలను కల్పించాయి. ప్రతి జోడుకూ కొత్త జంటరంగు ల్యాండ్ దక్కింది: రెండు ప్రాణాంకాలు చెల్లిస్తే అది వెంటనే పనికివస్తుంది, చెల్లించకపోతే ఆ వంతుకు నిద్రాణంగా దిగుతుంది. 2006 మార్చిలో హొనొలులులో జరిగిన ప్రో టూర్‌లో, అంటే వృత్తి ఆటగాళ్ల ప్రధాన పోటీలో, మార్క్ హెర్బర్‌హోల్జ్ ఎరుపు-ఆకుపచ్చ దాడి డెక్‌తో గెలిచాడు. అతని డెక్‌లోని కర్డ్ ఏప్ అనే వానరం ఒక్క ఎర్ర మానాకు దిగే ఒకటింట ఒకటి జీవి. యజమాని వద్ద ఆకుపచ్చ రంగుకు చెందిన అడవి ఉంటే రెండింట మూడు అవుతుంది, ఇందులో మొదటి అంకె బలం, రెండవది ఓర్పు. స్టాంపింగ్ గ్రౌండ్ అనే కొత్త ల్యాండ్ ఒకేసారి ఎరుపునిచ్చే కొండా, అడవీ కావడంతో, ఒక్క భూమే ఈ వానరాన్ని దించి మొదటి వంతులోనే పెద్దది చేయగలిగింది. ఫైనల్‌లో హెర్బర్‌హోల్జ్‌కు ఎదురైన క్రెయిగ్ జోన్స్ వీటికి తెలుపును కూడా చేర్చి మూడు రంగులతో ఆడాడు. కొత్త ల్యాండ్‌లు ఎంత దూరం మోయగలవో ఆ ఇద్దరి డెక్‌లు చూపాయి.

టెరీ సో కార్డు రాక్డోస్ ఆగర్‌మేజ్ డిసెన్షన్‌లో వెలువడింది. రాక్డోస్ అనేది నలుపు-ఎరుపు సంఘం. చేతిలో కార్డులు దాచుకోకుండా ఉన్నదంతా గుప్పించి దాడి చేయడం దాని స్వభావం, చేయి ఖాళీ అయినప్పుడు మరింత బలపడే హెల్‌బెంట్ అనే గుణం దాని గుర్తు. ఆగర్‌మేజ్ వెల రెండు నల్ల మానాలు, ఒక ఎర్ర మానా; బలం మూడు, ఓర్పు రెండు, పోరులో ముందుగా దెబ్బ తీసే శక్తి అదనం. దీనికి ఇంకొక పని కూడా ఉంది: తన వంతులో దానిని పక్కకు తిప్పితే, ముందు యజమాని తన చేతిని చూపి ఎదుటివాడు కోరిన కార్డును పారవేయాలి, తరువాత ఎదుటివాడు తన చేతిని చూపి యజమాని కోరినదాన్ని పారవేయాలి. పైకి ఇద్దరికీ సమాన నష్టంలా కనిపించే ఈ ఒప్పందం, కార్డులన్నీ ముందే ఖర్చుచేసిన దాడి ఆటగాడికి ఏకపక్ష లాభం. ఖాళీ చేతిలో పోయేదేమీ లేదు గనుక, వంతుకొకటి చొప్పున ఎదుటివాని మంచి కార్డు మాత్రమే రాలిపోతుంది. రెండు రంగుల డెక్‌లో ప్రతి కార్డునూ ఏ వంతులో, చేయి ఏ స్థితిలో ఉండగా వస్తుందో చూసి ఎంచుకోవాలన్న సూత్రం ఈ ఒక్క కార్డులో స్పష్టమవుతుంది.

అదే కార్డు ఆ సూత్రపు పరిమితినీ చూపుతుంది. 24 ల్యాండ్‌లున్న డెక్‌లో నల్లవి 12, ఎర్రవి 12 పెడితే, ఏడు కార్డుల తొలి చేతిలో ఒక్క నల్ల ల్యాండ్ అయినా ఉండే అవకాశం నూటికి 81. డిసెన్షన్‌లోనే వచ్చిన నలుపు-ఎరుపు జంటరంగు ల్యాండ్ బ్లడ్ క్రిప్ట్ నాలుగు, అప్పటికి తొమ్మిదో ఎడిషన్‌లో అందుబాటులో ఉన్న, అవే రెండు రంగులనిచ్చే సల్ఫ్యురస్ స్ప్రింగ్స్ నాలుగు కలిపి, తక్కినవాటిని ఎనిమిదేసి చొప్పున పంచితే ప్రతి రంగుకూ 16 ఆధారాలు ఏర్పడి ఆ అవకాశం 90కి చేరుతుంది. చేయి తప్పే అవకాశం దాదాపు సగానికి తగ్గినా, మూడో వంతుకే రెండు నల్ల మానాలు కోరే ఆగర్‌మేజ్ అంతకన్నా గట్టి పునాది అడుగుతుంది. పైగా దాడి చేసినా, చేతిని చూపించినా దానిని పక్కకు తిప్పక తప్పదు కనుక, ఒక వంతులో ఆ రెండిట్లో ఒకటే సాధ్యం. పికులా కార్డుకు పోటీలలో వచ్చినంత పేరు సో కార్డుకు రాకపోవడానికి ఈ రెండూ తగిన కారణాలే.

2008 ఫిబ్రవరి 15 నుంచి 17 వరకు ప్రో టూర్ కౌలాలంపూర్‌లోనే జరిగింది. అంతవరకు ఆసియాలో ఈ పోటీ ప్రధానంగా జపాన్ నగరాలకే వెళ్లేది. ఈసారి ఆటగాళ్లు ఇంటినుంచి డెక్ తేలేదు. డ్రాఫ్ట్ పద్ధతిలో ఎనిమిదిమంది వలయంగా కూర్చొని, ఒక్కొక్కరు 15 కార్డుల పొట్లాన్ని విప్పి, ఒకటి తీసుకొని మిగతావి పక్కవారికి అందించేవారు. మూడు పొట్లాలు ముగిసేసరికి ఒక్కొక్కరి వద్ద చేరే 45 కార్డులనుంచి 23 ఏరి, సుమారు 17 మౌలిక ల్యాండ్‌లు కలిపి 40 కార్డుల డెక్ కూర్చుకునేవారు. కొనుక్కొన్న జంటరంగు ల్యాండ్‌లు ఇక్కడ లేవు గనుక, రెండు రంగుల సమస్య దాదాపు తన తొలి రూపంలోనే తిరిగి ఎదురైంది. అప్పటి లోర్విన్, మార్నింగ్‌టైడ్ సంపుటాలు దానికి మరో ముడి వేశాయి: నీటిమనుషులు తెలుపు-నీలంలో, గాబ్లిన్లు నలుపు-ఎరుపులో ఉన్నట్లు జాతులు రంగుల జోడులకు కట్టుబడి ఉండేవి, చేతిలోని అదే జాతి కార్డును చూపితేనే చవకగా దిగే జీవులూ ఉండేవి. కాబట్టి రంగుతోపాటు జాతినీ, పక్కవారు ఏ జోడును వదులుతున్నారో దానినీ కలిపి లెక్కించవలసి వచ్చింది. ఆ పోటీలో మారియో పాస్కోలిని ఓడించి అమెరికాకు చెందిన జాన్ ఫింకెల్ తన మూడవ ప్రో టూర్ విజయం సాధించాడు. 2005లో నెలకొల్పిన హాల్ ఆఫ్ ఫేమ్ తొలి సభ్యులలో ఒకడైన అతను కూడా గతంలో ఇన్విటేషనల్ గెలిచి, నీలం-నలుపు జోడులో తన ముఖం గల షాడోమేజ్ ఇన్‌ఫిల్ట్రేటర్‌ను సంపాదించినవాడే.

పికులా, సో, ఫింకెల్ కార్డులు మూడూ జంటరంగు కార్డులే కావడం యాదృచ్ఛికమే కావచ్చు, కాని మేటి ఆటగాళ్లు తమకంటూ ఒక కార్డును ఊహించుకొన్నప్పుడు రెండు రంగుల కూడలిని ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఒక రంగుకు లేని మెలకువ అక్కడే పుడుతుంది. ఆ మెలకువ పోటీలో పనికివచ్చిందా లేదా అన్నది మాత్రం కార్డు బలం నిర్ణయించలేదు. 1994 తరువాత పాత ల్యాండ్‌లు అచ్చులో లేనప్పుడు, 2006లో కొత్తవి అందినప్పుడు, 2008 డ్రాఫ్ట్‌లో అవేవీ లేనప్పుడు దాడి డెక్ వేగాన్ని నిర్ణయించినవి బొమ్మలో ఏ వీరుడూ కనిపించని ఆ భూమి కార్డులే; అందువల్ల డెక్ కూర్చేవాడు జీవులకన్నా ముందు వాటినే లెక్కపెట్టుకోవడం ఈ చరిత్ర చెప్పే సరైన క్రమం.