పిండి గుట్ట మీద గుండు, నీలి మంటలో కిస్మిస్

డిసెంబర్ మూడో వారంలో లండన్‌లో ఉదయం 8 దాటితే గానీ సూర్యుడు కనిపించడు. మధ్యాహ్నం 4 కాకముందే అస్తమిస్తాడు. అవే రోజుల్లో హైదరాబాద్‌లో పగలు దాదాపు 11 గంటలుంటే అక్కడ 8 గంటలు కూడా ఉండదు. కరెంటు దీపాలు రాని రోజుల్లో ఇంగ్లండ్ జనం అంత పొడుగు సాయంత్రాలు ఎలా గడిపారు? క్రిస్మస్ అనగానే చర్చి, విందు, కానుకల గురించి ఎంతో రాశారు. వాటి సందుల్లో పావుగంటో అరగంటో సాగిన చిన్న చిన్న వినోదాల మీదే నాకు మనసు. వాటికి పెద్ద ఖర్చు లేదు. కానీ పక్కన ఇంకో మనిషి ఉండి తీరాలి.

నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ మేనకోడలు ఫానీ, 1804 జనవరిలో రాసిన ఉత్తరంలో అలాంటి ఆటొకటి వివరించింది. అప్పటికి ఆ పిల్లకు నిండా పదకొండేళ్లు లేవు. పేరు బుల్లెట్ పుడ్డింగ్. వెడల్పాటి పళ్లెంలో పిండిని శిఖరంలా పోగు చేసి, కొన మీద తుపాకీ గుండు నిలబెడతారు. చుట్టూ కూర్చున్నవాళ్లు వంతులవారీగా కత్తితో ఆ గుట్టలో ఒక్కో ముక్క కోస్తారు. ఎవరు కోస్తుండగా గుండు జారి పడుతుందో వాళ్లే దాన్ని వెతికి తీయాలి. చెయ్యి పెట్టకూడదు. ముక్కుతో, గడ్డంతో పిండిని కెలికి, గుండును నోటితో పట్టి పైకి తేవాలి. మొహమంతా తెల్లబడి చూసేవాళ్లు పగలబడి నవ్వుతుంటే, వెతికేవాళ్లకు మాత్రం నవ్వే వీలు లేదు. నవ్వితే పిండి ముక్కులోకీ గొంతులోకీ పోతుంది. ఆట రుచంతా ఆ బిగబట్టడంలోనే ఉంది.

ఇంతకంటే సాహసమైన ఆట స్నాప్‌డ్రాగన్. లోతు తక్కువ గిన్నెలో కిస్మిస్ పోసి, మీద బ్రాందీ ఒంపి నిప్పంటిస్తారు. దీపాలన్నీ ఆర్పేస్తారు. గిన్నె మీద నీలి మంట పాకుతుంటే అందులో చెయ్యి పెట్టి, చటుక్కున ఒక పండు లాగి, మండుతుండగానే నోట్లో వేసుకోవాలి. పెదాలు మూయగానే గాలి అందక మంట ఆరిపోతుంది. కొందరు గిన్నెలో చిటికెడు ఉప్పు చల్లేవారు. దాంతో వెలుగు పచ్చబారి, చుట్టూ ఉన్న మొహాలు దయ్యాల్లా కనిపించేవి. చేతులు కాలడం కూడా ఉండేది. 1755లో శామ్యూల్ జాన్సన్ కూర్చిన నిఘంటువులోనే ఈ ఆట ప్రస్తావన ఉందంటే ఎంత పాతదో అర్థమవుతుంది. డికెన్స్ తొలి నవల పిక్విక్ పేపర్స్‌లో క్రిస్మస్ ముందు రాత్రి పెద్దవాళ్లే దీన్ని ఆడతారు.

ఆ గిన్నెలోని మంట నుంచి సైన్సు పాఠం తీసినవాడు శాస్త్రవేత్త మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు. పధ్నాలుగేళ్లకే పుస్తకాల బైండింగు దుకాణంలో పనికి కుదిరాడు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1825లో పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలుపెట్టింది. ఫారడే 1827 నుంచి 1860 దాకా 19 సార్లు ఆ ఉపన్యాసాలిచ్చాడు. 1855 డిసెంబర్ 27న విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ తన కొడుకులను వెంటబెట్టుకొని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. చివరిగా 1860లో ఫారడే ఎంచుకున్న అంశం కొవ్వొత్తి. కొవ్వొత్తిలో ఒత్తి చేసే పనే స్నాప్‌డ్రాగన్‌లో కిస్మిస్ చేస్తుందని, అందరికీ తెలిసిన ఆటను ఎదుట పెట్టి చూపించాడు.

ఆయన చూపిన వాటిలో ఒకటి మన ఇళ్లలో ఈ రాత్రికే చేయొచ్చు. గాలి కదలని గదిలో కొవ్వొత్తిని కాసేపు బాగా మండనిచ్చి మెల్లగా ఆర్పాలి. ఒత్తి నుంచి తెల్లటి పొగ తీగలా లేస్తుంది. వెలిగించిన పుల్లను ఒత్తికి తాకించకుండా, రెండంగుళాల పైన ఆ పొగకు అందిస్తే చాలు. మంట పొగ వెంట కిందికి దూకి ఒత్తిని మళ్లీ వెలిగిస్తుంది. మండేది గట్టి మైనం కాదు, అది కరిగి మారిన ఆవిరి. ఏ సూత్రమూ బట్టీ పట్టకుండా పిల్లలకు ఈ సంగతి కళ్లముందే తెలిసిపోతుంది. పండగ సెలవుల్లో పిల్లలకు ఇవ్వదగిన కానుకల్లో ఇంతకు మించింది నాకు తోచదు. ఆ కొవ్వొత్తి ఉపన్యాసాలను విలియం క్రూక్స్ 1861లో పుస్తకంగా తెచ్చాడు.

క్రిస్మస్ క్రాకర్ కూడా ఆ కాలం నాటిదే. లండన్ మిఠాయి వ్యాపారి టామ్ స్మిత్ 1840లలో పారిస్ వెళ్లి, రంగు కాగితంలో రెండు కొసలూ మెలిపెట్టి అమ్మే చక్కెర పూత బాదం చూశాడు. లండన్‌లో దానికి చిన్న కవిత చీటీ జోడించాడు. తర్వాత చప్పుడు జోడించాడు. పొయ్యిలో కట్టె చిటపటలాడితే ఆ ఆలోచన వచ్చిందంటారు. క్రాకర్ లోపల రెండు సన్నటి అట్టముక్కలకు రవ్వంత సిల్వర్ ఫల్మినేట్ పూత ఉంటుంది. చెరో కొస పట్టుకుని లాగితే అట్టలు ఒరుసుకుని ఠప్పుమంటాయి. కాగితపు టోపీలు ఆయన కొడుకు వాల్టర్ హయాంలో చేరాయి. బల్ల చుట్టూ అందరూ చేతులు అడ్డంగా చాచి పక్కవాళ్లతో కలిసి ఒకేసారి లాగడం నేటికీ బ్రిటిష్ ఇళ్లలో ఆనవాయితీ.

ఈ వినోదాలన్నీ ఇంత పొట్టివి కావడానికి సెలవులు లేకపోవడం ఒక కారణం. 1833 ఫ్యాక్టరీ చట్టం మిల్లుల్లో పనిచేసే పిల్లలకు పూర్తి సెలవుగా ఇచ్చింది రెండు రోజులే, క్రిస్మస్, గుడ్ ఫ్రైడే. క్రిస్మస్ మర్నాడు, అంటే డిసెంబర్ 26న, బ్యాంకు సెలవు దక్కింది జాన్ లబక్ తెచ్చిన 1871 చట్టంతోనే. అందుకే 1843 డిసెంబర్‌లో వచ్చిన డికెన్స్ ‘ఎ క్రిస్మస్ కారల్’లో గుమాస్తా బాబ్ క్రాచిట్ ఒక్కరోజు సెలవు కోసం యజమానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. అదే కథలో ఆ యజమాని మేనల్లుడు ఫ్రెడ్ ఇంట్లో ఎదిగిన మగవాళ్లు, ఆడవాళ్లు కళ్లకు గంతలు కట్టుకుని ఆడతారు. మన కళ్లగంతలాటే అది.

స్నాప్‌డ్రాగన్ ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. అది పోవడమే మంచిది. ఇంట్లో చిన్నపిల్లలుంటే నిప్పుతో ఆ చెలగాటం వద్దు. బుల్లెట్ పుడ్డింగ్ పోవడం మాత్రం నాకు బాధ. ఈ క్రిస్మస్‌కు మీ ఇంటికి బంధువులొస్తే ఆడి చూడండి. సీసపు గుండు పనికిరాదు, విషం. మింగేంత చిన్న గోలీ కూడా వద్దు, బాగా కడిగిన పెద్ద నిమ్మకాయ చాలు. గోధుమపిండి జల్లించి, గిన్నెలో అదిమి, పళ్లెంలో బోర్లించండి. పొడిపిండి నిలవదు, కాస్త గట్టిగానే అదమాలి. మొదటి కోత అందరికంటే పెద్దవాళ్ల చేత కోయించండి.