రోదసిలో తెలుగు: గర్వమెంత, నిజమెంత?

ఆ మధ్య ఒక బంధువుల పెళ్ళిలో, భోజనాల దగ్గర, ఒక పెద్దాయన గట్టిగా చెబుతున్నారు: "తెలుగు దేవభాష కాబట్టే అమెరికా వాళ్ళు ఏరికోరి అంతరిక్షంలోకి పంపారు." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. "మరి మిగతా 54 భాషల సంగతేమిటండీ?" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "మీ హేతువాదులతో ఇదే గొడవ" అన్నారు. ఆయనకు అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

1977 ఆగస్టు 20న వాయేజర్-2, సెప్టెంబరు 5న వాయేజర్-1 బయలుదేరాయి. రెండింటికీ బంగారు పూత పూసిన 12 అంగుళాల రాగి రికార్డు ఒక్కొక్కటి బిగించారు. అందులో ఏముండాలో కార్ల్ సేగన్ నాయకత్వంలోని ఒక చిన్న సంఘం నిర్ణయించింది. 55 భాషల్లో పలకరింపులు, 115 బొమ్మలు, 90 నిమిషాల సంగీతం పెట్టారు. ఐక్యరాజ్యసమితి ప్రతినిధుల సందేశాల్లో ఫ్రెంచి కవి బోదిలేర్ కవిత కొంత ఉంది. రికార్డు వయసు లెక్కకట్టడానికి కవరు మీద యురేనియం-238 పూత కూడా పూశారు. అది సగం తరగడానికి దాదాపు 450 కోట్ల ఏళ్ళు పడుతుంది.

ఇక భాషల విషయం. తెలుగుతో పాటు హిందీ, బెంగాలీ, కన్నడం, మరాఠీ, ఒరియా వంటివి ఉన్నాయి. తమిళం లేదు, మలయాళం లేదు. ప్రాచీనతే కొలమానమైతే తమిళాన్ని ఎలా వదిలేస్తారు? పలకరింపుల్లో చాలా భాగం సేగన్ పనిచేసిన కార్నెల్ విశ్వవిద్యాలయంలో, అందుబాటులో ఉన్నవారి చేత చెప్పించినవే. తెలుగు పలకరింపు కూడా కొద్ది క్షణాల నమస్కారం, శుభాకాంక్షలు. ఇందులో దైవ సంకల్పం ఎక్కడుంది? మనిషి ఎంపిక ఉంది, సమయానికి మనిషి దొరకడం ఉంది.

నిజంగా గర్వించాలంటే ఇంకో గొంతు ఉంది. మన దేశం నుంచి సంగీతంలో చోటు దక్కింది కేసర్‌బాయి కేర్కర్‌కు. గోవాలోని కేరి గ్రామంలో పుట్టిన ఆమె, సమాజం చిన్నచూపు చూసిన కళావంతుల కులం స్త్రీ. గురువు అల్లాదియా ఖాన్, ముస్లిం. భైరవి రాగంలో ఆమె పాట మూడున్నర నిమిషాలు. వాయేజర్-1 బయలుదేరిన 11 రోజులకే, 1977 సెప్టెంబరు 16న ఆమె చనిపోయారు. కులం, మతం, ఆడ-మగ అని మనం గీసుకున్న గీతలన్నీ దాటి వెళ్ళిన గొంతు అది. పెళ్ళిలో పెద్దాయన ఆమె పేరెత్తలేదు.

అయితే ఈ రికార్డునూ మనం గుడ్డిగా పూజించనక్కరలేదు. యుద్ధం, రోగం, నేరం, దారిద్ర్యం బొమ్మలు కావాలనే పెట్టలేదు. అతిథి వస్తే ఇంట్లో చెత్తను మంచం కిందికి తోసినట్టు. అయినా నిజం దాగలేదు. శాంతి సందేశం చదివిన అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కర్ట్ వాల్డ్‌హైమ్, రెండవ ప్రపంచ యుద్ధంలో బాల్కన్ ప్రాంతంలో జర్మన్ సైన్యంలో పనిచేసిన సంగతి దాచాడని 1986లో బయటపడింది. అప్పటికి ఆ గొంతు ఎవరి చేతికీ అందనంత దూరం వెళ్ళిపోయింది.

వాయేజర్-1 2012లో సూర్యుడి గాలి పరిధి దాటింది. ఇంకో నక్షత్రం దరిదాపులకు చేరాలంటే సుమారు 40 వేల ఏళ్ళు పడుతుంది. ఎవరైనా వింటారన్న ఆధారం ఏదీ లేదు. మరి ఎందుకు పంపినట్టు? "మేమూ ఉన్నాం" అని చెప్పుకోవడానికి. దేవుడి పుస్తకంలో మన పేరు రాసి ఉంటుందని నమ్మనివాడు తన పేరు తానే రాసుకోవాలి కదా.

1989లో మా అమ్మ పాడిన నాట్ల పాటలు ఒక క్యాసెట్టులో పట్టాను. పదేళ్ళకు తీసి చూస్తే బూజు పట్టి, టేపు ముక్కలైంది. అమ్మ అప్పటికే లేదు. నక్షత్రాల మధ్య మన భాష కొద్ది క్షణాలు క్షేమంగా ఉంది. ఇక్కడ మన ఊళ్ళలో గంటలు గంటలు పోతోంది. ఆ పెద్దాయన మళ్ళీ కనిపిస్తే వాదించను. "మీ ఇంట్లో పాటలు వచ్చిన ముసలమ్మ ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతాను.