ఈసీఐఎల్ పొరుగున పెంగ్విన్

హైదరాబాద్‌లో సైనిక్‌పురి నుంచి ఏ.ఎస్. రావు నగర్ మీదుగా వస్తే ఈసీఐఎల్ చౌరస్తా. బస్సు బోర్డు మీద రోజూ కనిపించే ఆ పేరు చాలామందికి ఒట్టి స్టాపు పేరు. మన దేశం సొంతంగా తయారుచేసిన కంప్యూటర్‌ను అమ్మకానికి పెట్టింది మాత్రం ఆ ప్రహరీ వెనక నుంచే.

పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు చేతుల మీదుగా 1967లో ఈసీఐఎల్, అంటే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మొదలైంది. ఏ.ఎస్. రావు నగర్‌కు ఆయన పేరే. అప్పట్లో కంప్యూటరంటే ఐబీఎం. యంత్రం వాళ్లదే, మనం కట్టేది అద్దె. పాడైతే వాళ్ల మనిషే రావాలి. ఆ పరిస్థితుల్లో 1969లో ట్రాంబే అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తల రూపకల్పనతో టీడీసీ-12 కంప్యూటర్ వచ్చింది. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316. విదేశీ వాటా 40 శాతానికి తగ్గించుకోవాలన్న షరతుకు ఒప్పుకోక 1978లో ఐబీఎం మూటాముల్లె సర్దుకునేసరికి మనవాళ్లు మరీ చేతులు ముడుచుకుని లేరు.

అయితే యంత్రం మనదైనంత మాత్రాన దాని గుట్టు అందరిదీ కాలేదు. పెట్టె ఇక్కడ తయారైనా, దాన్ని నడిపే ప్రోగ్రాం ఎలా రాశారో బయటి కుర్రాడికి చూసే దారి లేదు. నా లెక్కలో అసలు స్వదేశీ అక్కడే సగంలో ఆగింది. మిగతా సగం విచిత్రంగా విదేశాల నుంచే వచ్చింది. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1991 ఆగస్టులో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ సరదాకి ఓ ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానన్నాడు. పెంగ్విన్ గుర్తున్న లినక్స్ అదే. దాని ప్రోగ్రాంను ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు, పంచొచ్చు. ఆ ఏడాది అక్టోబరులోనే, ప్రపంచ లిపులకు ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్ తొలి కూర్పులో తెలుగు లిపికీ చోటు దక్కింది.

ఆ చోటును నింపింది ఎక్కువగా జీతం లేని పనివాళ్లు. ఎక్కడో హ్యూస్టన్ రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 1990ల మొదట్లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి చేసిపెట్టారు. అమెరికాలోనే ఉన్న తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లను స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చేశారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఇంజినీరింగ్ విద్యార్థులను కూడగట్టి, మెనూలన్నీ తెలుగు చేసి, డెబియన్ అనే లినక్స్ కూర్పు ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టం తెచ్చింది. ఆ సంస్థ ఉన్నది గచ్చిబౌలిలో, మైక్రోసాఫ్ట్ క్యాంపస్ ఉన్న చోటే! 2014లో ఆ కంపెనీ సారథి, మన హైదరాబాదీ సత్య నాదెళ్ల కూడా లినక్స్ అంటే తమకు ప్రేమేనన్నారు లెండి.

ఇప్పుడీ పాత కథ తవ్వడానికి కారణముంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ఆగిపోయింది. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కే అర్హత లేదు. రిటైరైన ఫౌజీలు కట్టుకున్న సైనిక్‌పురి లాంటి కాలనీల్లో, పిల్లలు వదిలి వెళ్లిన అలాంటి ల్యాప్‌టాప్ ఏ బీరువా తెరిచినా దొరుకుతుంది. దాన్ని పాత సామాన్లవాడికి వేసే ముందు ఓ పెన్‌డ్రైవ్ ఖర్చుపెట్టి లినక్స్ నడిపి చూడొచ్చు.

లినక్స్ కూర్పుల్లో కొత్తవాళ్లకు ఉబుంటు గానీ లినక్స్ మింట్ గానీ చాలు. దాని ఫైలు దించుకుని, రూఫస్ అనే ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కుతూ ఉండాలి, కొన్ని కంపెనీలకు ఎస్కేప్ మీట. పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. హార్డ్‌డిస్క్ జోలికి ఇంకా పోలేదు, కాబట్టి కంగారక్కర్లేదు. ముందు వైఫై, తర్వాత స్పీకర్, ప్రింటర్ చూసుకోండి. పేచీ పెడితే ఎక్కువగా వైఫై చిప్పే పెడుతుంది. మూడూ పనిచేశాకే ఇన్‌స్టాల్ మాట, అదీ ఫొటోలు, కాగితాలు వేరే చోట దాచుకున్నాక. డిస్క్ మొత్తం చెరిపే ఎంపిక, విండోస్ పక్కనే పెట్టే ఎంపిక ఒకే తెరపై ఉంటాయి. అక్కడ మాత్రం నిదానంగా చదవాలి.

లినక్స్ ఎక్కాక తెలుగు కీబోర్డుల పట్టీ తెరిచి చూడండి. ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, పోతన వరసలో ఆర్‌టీఎస్ కూడా ఉంటుంది. హ్యూస్టన్ కుర్రాళ్ల పనిని ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు సరిచూస్తూ ఉండబట్టే అది ఇంకా అక్కడుంది.

బ్యాంకు పని, యూట్యూబ్, వీడియో కాల్, ఉత్తరాలు రాసుకోవడం వరకు ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లుంటే మాత్రం విండోస్ తీసేయొద్దు. ఆ ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగు యూనికోడ్ కాదు, కన్వర్టర్‌లో వేసి మళ్లీ ప్రూఫు దిద్దుకోవాలి. అలాంటివాళ్లు రెండు సిస్టంలూ పక్కపక్కనే ఉంచుకోవడం మేలు.