శవం దొరకని చావుకు ఏ కర్మ?

శ్మశానం దగ్గర పడగానే పాడెను ఒకసారి నేలమీద దించుతారు. కొడుకో తమ్ముడో వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, వరస పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఎక్కడైనా కొట్టుమిట్టాడుతుంటే పలుకుతారేమోనని. అదే దింపుడు కళ్లం. ఆ తర్వాత కర్త నీళ్లకుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరుగుతాడు. వెనక ఒకరు కుండకు చిల్లులు పెడుతుంటారు. ఎముకలు ఏరడం, పదోరోజు ధర్మోదకాలు, కాకి ముట్టిందా లేదా అన్న ఎదురుచూపు... తెలుగువాళ్ల చావు తంతులో చాలాభాగం శవం చుట్టూనే తిరుగుతుంది.

మరి శవమే లేకపోతే? విశాఖపట్నానికి ఈ ప్రశ్న కొత్తది కాదు.

శాస్త్రకారులు దీన్ని ముందే ఆలోచించారు. గరుడ పురాణం పాలాశ విధి చెబుతుంది. కృష్ణాజినం (నల్లజింక చర్మం) మీద దర్భలతో, 360 మోదుగు కాడలతో మనిషి బొమ్మ పేర్చి, తలకు కొబ్బరికాయ పెట్టి, దానికి దహనం చేస్తారు. చరక సంహిత మనిషి ఒంట్లో లెక్కగట్టిన ఎముకలు కూడా 360. జాడ తెలియనివాళ్ల కోసం సాధారణంగా 12 ఏళ్లు చూడమన్నారు. కర్మ అయిపోయాక మనిషి తిరిగొస్తేనో? దానికీ దారి ఉంది. అతన్ని నేతిలో ముంచి తీసి, అప్పుడే పుట్టిన బిడ్డకు చేసినట్టు జాతకర్మ మొదలుకొని సంస్కారాలన్నీ మళ్లీ చేయాలి. ఉన్న భార్యనే మళ్లీ పెళ్లాడాలి. ఇంత దూరం ఆలోచించారంటే అలా తిరిగొచ్చినవాళ్లు కొందరైనా ఉండే ఉంటారు.

చేపల వేటకెళ్లే జాలరి, వాడబలిజ కుటుంబాల్లో దుఃఖం ఈ గ్రంథాల దారినే నడవదు. విశాఖ తీరంలోని జాలరుల మధ్య పరిశోధన చేసిన అమెరికన్ మానవశాస్త్రవేత్త చార్లెస్ నకల్స్ 1991లో ఒక వ్యాసం ప్రచురించారు. అక్కడ పూనకం వచ్చి పలికే స్త్రీలలో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులను ఆయన చూశారు. వాళ్ల మీద పలికేది ఏ ఊరి దేవతో కాదు, చనిపోయిన సొంత కొడుకే. ఇంట్లో జబ్బు చేసినా, వల ఖాళీగా వచ్చినా జనం ఆ తల్లి దగ్గరికి వెళ్తారు. పోయిన పిల్లాడు దేవతలకూ మనుషులకూ మధ్య కబురు మోస్తాడు. శోకం నుంచి బయటపడాలని చెప్పే నేటి సలహాలకు ఇది పూర్తిగా ఎదురు దారి. ఆ తల్లి బయటపడదు, అందులోనే ఊరికి పనికొచ్చే మనిషవుతుంది.

జాడ తెలియని మనిషి విషయంలో చట్టం మాత్రం ఏడేళ్లంటుంది. ఏడేళ్లపాటు కబురు లేకపోతే బతికే ఉన్నాడని చెప్పేవాళ్లే రుజువు చూపాలన్న నియమం 1872 సాక్ష్య చట్టంలో ఉంది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా ఆ గడువును మార్చలేదు. మరణ ధ్రువపత్రం లేనిదే బీమా, పరిహారం కదలవు. 2017లో ఓఖీ తుపానుకు గల్లంతైన మత్స్యకారుల విషయంలో కేరళ ఏడేళ్లు ఆగకుండానే ఒక్కో కుటుంబానికి 20 లక్షలిచ్చింది. పెద్ద విపత్తు కాబట్టి ప్రభుత్వం కదిలింది. ఒక్క పడవ తిరగబడినప్పుడు ఆ ఇంటి ఆడవాళ్లకు అంత బలం ఎక్కడిది?

2016 జులై 22 ఉదయం తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరిన వాయుసేన ఏఎన్-32 విమానం బంగాళాఖాతం మీద మాయమైంది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. సెప్టెంబరులో అందరూ మరణించినట్టే భావిస్తున్నామని వాయుసేన ప్రకటించింది. కాగితం మీద ఆ సంగతి రెండు నెలల్లో తేలింది. ఇళ్లలో అంత త్వరగా ఎలా తేలుతుంది? శకలాలు 3,400 మీటర్ల లోతున ఉన్నట్టు జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ యంత్రం తీసిన ఫొటోలు 2024 జనవరిలో బయటికొచ్చాయి. అంటే ఏడున్నరేళ్లకు. చట్టం చెప్పిన గడువు అప్పటికే దాటిపోయింది.

విశాఖ సముద్రంలో పరాయివాళ్ల శవాలూ ఉన్నాయి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీలో 93 మంది పోయారు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనం, లోపలి ప్రమాదమో వాళ్ల మైనో కారణమని వాళ్లు. ఇస్లాంలో శవం ఎదుట లేకుండా చేసే జనాజా నమాజు (అంత్యక్రియల ప్రార్థన) ఉంది. అబిసీనియా రాజు నజాషీ చనిపోయాడని తెలిసి ప్రవక్త మదీనాలోనే చేశారంటారు. షాఫీ పండితులు దాన్ని ఆధారం చేసుకుని సరేనంటారు, హనఫీలు ఒప్పుకోరు. పాకిస్తాన్‌లో ఎక్కువమంది హనఫీలే.

ఏటా డిసెంబరు 4న ఆర్కే బీచ్‌లోని 1971 యుద్ధ స్మారకం విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర నౌకాదళం పుష్పగుచ్ఛాలుంచుతుంది. 2024లో మన నౌకాదళ లోతు సముద్ర రక్షక వాహనం విశాఖ తీరానికి దగ్గర్లోనే ఘాజీ శకలాలను గుర్తించింది. అయితే వాటిని ముట్టుకోలేదు. మునిగిన యుద్ధనౌకను అందులో పోయినవాళ్ల సమాధిగా చూడటం నావికుల ఆనవాయితీ, శత్రువుదైనా సరే.