జీతం లేని జట్టు, దానికో మేస్త్రి

అమెరికాలో అప్పలాచియన్ ట్రెయిల్ అని ఒక కాలిబాట వుంది. దక్షిణాన జార్జియాలో మొదలై, కొండల మీదుగా 14 రాష్ట్రాలు దాటి, ఉత్తరాన మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ కొండ మీద ఆగుతుంది. పొడవు దాదాపు 2,200 మైళ్ళు, అంటే మూడున్నర వేల కిలోమీటర్లు. వర్జీనియాలోనో, న్యూజెర్సీలోనో వుంటున్న మనవాళ్ళు చాలామంది ఓ ఆదివారం పులిహోర కట్టుకుని వెళ్ళి ఇందులో మూడు మైళ్ళు నడిచి వచ్చినవాళ్ళే. చెట్ల మీద తెల్లరంగు పట్టీలు చూసుకుంటూ నడిచిపోతాం. ఆ రంగు ఎవరు వేశారు, అడ్డంగా పడ్డ మానుని ఎవరు కోశారు అన్న అనుమానం మాత్రం రాదు. ప్రభుత్వం చేయిస్తుందిలే అనుకుంటాం.

నిజానికి అందులో చాలా పని చేసేది జీతం లేని మనుషులు. నూరేళ్ళుగా ఇదే పద్ధతి. ఆ నూరేళ్ళ కథ చదువుతుంటే నాకు పట్టుకున్న ప్రశ్న ఒకటే. జీతం ఇవ్వలేనివాడు, ఉద్యోగం పీకలేనివాడు, పదిమంది చేత మట్టిపని ఎలా చేయిస్తాడు?

కథ 1921లో మొదలవుతుంది. బెంటన్ మెకాయ్ అని ఒక ఫారెస్టర్. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆయన భార్య చనిపోయింది. ఆ దుఃఖంలో వుండగా రాసిన వ్యాసం అక్టోబర్‌లో ఒక ఆర్కిటెక్టుల పత్రికలో వచ్చింది. కొండల వెన్ను మీదుగా ఒక పొడుగాటి దారి, దాని వెంట విడిది గుడిసెలు, శిబిరాలు, పొలాలు... ఫ్యాక్టరీ బతుకుతో అలిసిపోయిన వాళ్ళు అక్కడికి వచ్చి ఊపిరి పీల్చుకోవాలి, అదంతా జనం స్వచ్ఛందంగా చేసుకోవాలి. ఇదీ ఆయన కల. అంటే నడకదారి కంటే పెద్ద ఊహే అన్నమాట.

కల బావుంది. 1923లో న్యూయార్క్ దగ్గర బేర్ మౌంటెన్ ప్రాంతంలో మొదటి ముక్క తయారైంది. 1925లో వాషింగ్టన్‌లో సమావేశం పెట్టి, అప్పలాచియన్ ట్రెయిల్ కాన్ఫరెన్స్ అని ఒక సంస్థ మొదలుపెట్టారు. (2005లో పేరు మార్చుకుని కన్సర్వెన్సీ అయింది.) ఆ తర్వాత ఏమైంది? మన దగ్గర శంకుస్థాపనలకి ఏమవుతుందో చాలావరకు అదే. మాటలు సాగాయి, దారి సాగలేదు.

అప్పుడు రంగంలోకి దిగినవాడు మైరన్ ఏవరీ. మెయిన్ రాష్ట్రంలో పుట్టి, హార్వర్డ్‌లో లా చదివి, వాషింగ్టన్‌లో ఓడల వ్యవహారాలు చూసే లాయరుగా పనిచేసేవాడు. 1927లో కొద్దిమందిని పోగేసి పొటోమాక్ అప్పలాచియన్ ట్రెయిల్ క్లబ్ పెట్టాడు. వారమంతా ఆఫీసు, వారాంతం గొడ్డళ్ళు పట్టుకుని బ్లూ రిడ్జ్ కొండలెక్కడం. సైకిలు చక్రానికి మీటరు బిగించి, దాన్ని చేత్తో తోసుకుంటూ దారి కొలిచేవాడు. 1933లో కటాడిన్ శిఖరం మీద ఆ చక్రంతో నిలబడి దిగిన ఫోటో ఇప్పటికీ వుంది. 1931 నుంచి 1952 దాకా సంస్థ ఛైర్మన్ ఆయనే. మొత్తం దారిని, ముక్కలు ముక్కలుగానైనా సరే, నడిచిన మొదటివాడు కూడా ఆయనే అంటారు.

మనిషి మాత్రం మహా కర్కశుడు. ఉత్తరాలతో వేధించేవాడు, తప్పు పట్టేవాడు, ఎదురుచెబితే ఊరుకునేవాడు కాదు. ఆయన వెనక రెండు దారులు మిగిలాయని ట్రెయిల్ వాళ్ళలో ఒక పాత మాట వుంది. ఒకటి నడిచే దారి, రెండోది నొచ్చుకున్న మనసుల దారి.

మెకాయ్‌కీ ఈయనకీ చెడింది రోడ్డు దగ్గర. 1930ల్లో షెనన్డోవా కొండల మీద ప్రభుత్వం స్కైలైన్ డ్రైవ్ అనే కారు రోడ్డు వేసింది. ఏవరీ క్లబ్బు చెమటోడ్చి వేసిన దారిలో చాలా భాగం దాని కింద పోయింది. మెకాయ్ ఒప్పుకోలేదు. అడవిలో కార్లేమిటి, ఇంక దేనికోసం ఈ దారి అన్నాడు. ఏవరీ లెక్క వేరు. రోడ్డు ఎలాగూ ఆగదు, పోట్లాడితే దారే వుండదు, పక్కకి జరిపి కొత్తది వేసుకుందాం అన్నాడు. 1935కల్లా ఇద్దరికీ బాగా చెడింది. మెకాయ్ అదే ఏడాది మరికొందరితో కలిసి వైల్డర్‌నెస్ సొసైటీ పెట్టాడు. ఏవరీ దారి వేయిస్తూనే పోయాడు. 1937 ఆగస్టు 14న మెయిన్‌లో ఆఖరి రెండు మైళ్ళు కలిశాయి. తమాషా ఏమిటంటే ఆ చివరి ముక్క వేసింది వలంటీర్లు కాదు, డిప్రెషన్ రోజుల్లో ప్రభుత్వం కూలి ఇచ్చి పెట్టుకున్న సీసీసీ కుర్రాళ్ళు!

ఇక్కడ చరిత్ర రాసేవాళ్ళు రెండు పార్టీలవుతారు. కల కన్నవాడు గొప్పా, పని చేయించినవాడు గొప్పా అని. నాకు ఈ వాదన మీద పెద్ద ఆసక్తి లేదు. మా సాఫ్ట్‌వేర్ లోకంలో రోజూ చూసేదే ఇది. డిజైన్ గీసినవాడికి ఒక చప్పట్లు, రిలీజ్ చేయించిన మేనేజరుకి ఇంకో చప్పట్లు. ఆ తర్వాత పదేళ్ళు రాత్రిళ్ళు లేచి బగ్గులు సరిచేసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. 1937 తర్వాత ఏం జరిగిందో చూడండి.

1938 సెప్టెంబర్‌లో పెద్ద తుఫాను వచ్చి న్యూ ఇంగ్లండ్‌లో దారిని చెట్లతో పూడ్చేసింది. దక్షిణాన బ్లూ రిడ్జ్ పార్క్‌వే కోసం ఇంకో పెద్ద ముక్క పోయింది. తర్వాత యుద్ధం. గొడ్డలి పట్టేవాళ్ళు తుపాకి పట్టుకు పోయారు. 1948లో ఎర్ల్ షాఫర్ అనే మాజీ సైనికుడు ఒక్క ఊపున దారంతా నడిచి పేరు తెచ్చుకున్నాడు గానీ, ఆయన నడిచిన దారి చాలాచోట్ల పొదలు మూసేసిన దారి. మళ్ళీ మొత్తం కలిసిందని చెప్పుకోవడానికి 1951 దాకా ఆగాల్సివచ్చింది. ఏవరీ మరుసటి ఏడే, 52 ఏళ్ళకే పోయాడు. మెకాయ్ 1975 దాకా, 96 ఏళ్ళు బతికాడు.

మరి ఇద్దరూ పోయాక కూడా దారి ఎందుకు నిలబడింది? ఎవరికి ఏ ముక్క అన్నది తేలిపోయి వుంది కాబట్టి అని నాకనిపిస్తుంది. మొత్తం దారిని 30 దాకా క్లబ్బులు పంచుకున్నాయి. క్లబ్బు తన వాటాని మళ్ళీ చిన్న ముక్కలు చేసి ఒక్కో మనిషికి అప్పగిస్తుంది. పొటోమాక్ క్లబ్బులో ఆ మనిషిని ఓవర్‌సీర్ అంటారు. మన పీడబ్ల్యూడీ ఓవర్సీరు గుర్తొచ్చారా? ఈయనకి జీతం లేదు, జీపు లేదు :) "ఈ మైలు నీది" అన్న మాట ఒక్కటే వుంది. 1968లో చట్టం వచ్చి ఇది జాతీయ దారి అయింది. 1984లో నేషనల్ పార్క్ సర్వీసు ఈ దారి నిర్వహణ బాధ్యతని వలంటీర్ల సంస్థకే ఒప్పందం రాసి అప్పగించింది. ప్రభుత్వం తన ఆస్తిని చూసుకోమని జనాన్ని అడగడం మామూలు విషయం కాదు.

పెద్ద పనులకి ఒక్క మనిషి చాలడు, జట్టు కావాలి. 1983లో వర్జీనియాలో కోనరాక్ క్రూ మొదలైంది ఇందుకే. జట్టంటే మేస్త్రి వుండాలి కదా. వర్జీనియాలో అలాంటి పనులకి నేనూ కొన్నిసార్లు వెళ్ళాను. మేస్త్రి చేసే పని చూస్తే చాలా మామూలుగా వుంటుంది. పొద్దున్నే ఎవరికి నడుంనొప్పి, ఎవరికి కందిరీగ కుడితే పడదు అని అడుగుతాడు. పనిముట్టు ఊపితే తగిలేంత దూరంలో ఎవరూ వుండకుండా మనుషుల్ని దూరం దూరంగా నిలబెడతాడు. కొత్తవాణ్ణి పాతవాడికి జతచేస్తాడు. పని పెద్దదిగా కనిపించినా, సాయంత్రానికి ఏదో ఒకటి పూర్తయ్యేలా కోసి ఇస్తాడు. సగం పని చూసి ఇంటికెళ్ళిన వలంటీరు మళ్ళీ రాడు మరి.

దారిని ఎక్కువగా తినేసేది వాన నీళ్ళు. దారికి అడ్డంగా ఏటవాలుగా రాళ్ళో దుంగలో పాతి నీళ్ళని లోయ వైపు మళ్ళిస్తారు. పొలంలో మడవ తిప్పడం తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అందులో ఆకులు, మట్టి పేరుకుంటే ఇక పనిచేయదు, ఏటా తవ్వి తియ్యాలి. వైల్డర్‌నెస్ అని ప్రకటించిన చోట 1964 చట్టం ప్రకారం మోటారు రంపం నిషేధం. ఇద్దరు చెరోవైపు పట్టి లాగే రంపమే గతి.

ఇంకో పనిముట్టు పులాస్కీ. ఒకవైపు గొడ్డలి, రెండోవైపు బాడిస లాంటి పలక. ఎడ్ పులాస్కీ అనే ఫారెస్ట్ రేంజర్ పేరు అది. 1910లో ఐడహోలో కార్చిచ్చు చుట్టుముడితే తన జట్టుని ఒక గని సొరంగంలోకి తీసుకెళ్ళాడు. భయపడి బయటికి పరుగెత్తబోయిన వాళ్ళని తుపాకి చూపించి ఆపాడు. చాలామంది బతికారు. వలంటీర్ల మేస్త్రికి ఆ పనిముట్టు మిగిలింది గానీ, ఆ తుపాకి మాత్రం లేదు. వచ్చే వారం కూడా రావాలనిపించేలా పని చేయించడమే ఆయనకున్న అధికారమంతా.

ఏవరీ లాంటి మొండివాడు లేకపోతే దారి పుట్టేది కాదేమో, ఒప్పుకుంటాను. కానీ అందరూ ఏవరీలే అయితే రెండో వారానికి జట్టు మిగలదు. ఆయన్ని తిట్టుకుంటూ కూడా జనం ఎందుకు వెళ్ళారంటే, చక్రం తోసుకుంటూ ఆయనే ముందు నడిచేవాడు గనుక.

2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను దక్షిణ భాగంలో వందల మైళ్ళ దారిని దెబ్బతీసింది. టెనెసీలో ఎర్విన్ ఊరి దగ్గర దారి నాలిచకీ నదిని దాటే వంతెన కొట్టుకుపోయింది. 1938 నాటి లాగే మళ్ళీ రంపాలు, మళ్ళీ జట్లు. అప్పట్లో వేసిన దారిలో చాలా భాగం ఇప్పుడు అసలు అదే చోట లేదు. జరుపుతూ, సరిచేస్తూ వచ్చారు. అయినా అదే దారి అంటున్నాం.

ఈసారి అటు వెళ్తే నీళ్ళు మళ్ళించే ఆ రాళ్ళ వరస కోసం కాస్త కిందికి చూడండి. అందులో ఆకులు లేకుండా శుభ్రంగా వుంటే, ఈ మధ్యే ఎవరో వచ్చి వెళ్ళారన్నమాట. ఆకులు నిండి వుంటే, బూటు కాలితో ఓసారి పక్కకి తోసెయ్యండి. దానికి మేస్త్రి అక్కర్లేదు.