ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ (నవల)

అమెరికన్ రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్ (1929–2018) కిశోర పాఠకుల కోసం రాసిన అద్భుత కాల్పనిక నవల. కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి చెందిన పర్నాసస్ ప్రెస్ 1968లో రూత్ రాబిన్స్ బొమ్మలతో దీన్ని ప్రచురించింది. గాంట్ అనే కొండల దీవిలో మేకలు కాసుకునే కుర్రవాడు గెడ్ మాంత్రికుడవుతాడు. గర్వం తలకెక్కి ఒక భయంకరమైన నీడను లోకంలోకి వదిలి, చివరకు దాన్ని సముద్రాల మీద వెంటాడి ఎదుర్కొంటాడు. మంత్రవిద్యా పాఠశాలను చిత్రించిన తొలినాటి నవలల్లో ఒకటిగా దీన్ని తలుచుకోవడం పరిపాటి. కానీ పది అధ్యాయాల పుస్తకంలో పాఠశాల ప్రధానంగా కనిపించేది రెండింటిలోనే. మిగతా కథలో ఎక్కువ భాగం దీవుల మధ్య, నీళ్ల మీద నడుస్తుంది. మంత్రశక్తికి హద్దులుంటాయన్న మాటను గాలి, నీరు, పడవల అనుభవంగా మార్చి చెప్పడంలోనే ఈ నవల చారిత్రక ప్రాధాన్యం ఉంది.

పూర్వరంగం

సముద్రయానాన్నీ మాయనూ కలిపి చెప్పిన కథలు హోమర్ ఒడిస్సీ నుంచి సింద్‌బాద్ యాత్రల దాకా ఎన్నో ఉన్నాయి. పిల్లల నవలల్లో ఆ బాటలో వచ్చిన ముఖ్యమైన రచన సి.ఎస్. లూయిస్ 1952లో ప్రచురించిన ‘ద వాయేజ్ ఆఫ్ ద డాన్ ట్రెడర్’. వీటిలో అద్భుతం సాధారణంగా దీవి మీద కాచుకుని ఉంటుంది, సముద్రం అక్కడికి చేర్చే దారి మాత్రమే. లె గ్విన్ ఈ పద్ధతిని మార్చింది. ఆమె తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ పేరొందిన మానవశాస్త్రవేత్త. తల్లి థియొడోరా క్రోబర్ యాహీ జాతిలో చివరివాడైన ఇషి జీవితాన్ని ‘ఇషి ఇన్ టూ వరల్డ్స్’ (1961) పేరుతో గ్రంథస్థం చేసింది. ఒక జాతి తన నేలతో, నీటితో, నమ్మకాలతో ఎలా పెనవేసుకుని బతుకుతుందో చూసే అలవాటు లె గ్విన్‌కు ఆ ఇంట్లోనే అబ్బిందనుకోవడం సమంజసం.

రచన

1964లో ‘ఫెంటాస్టిక్’ పత్రిక జనవరి, ఏప్రిల్ సంచికల్లో ఆమె కథలు ‘ద వర్డ్ ఆఫ్ అన్‌బైండింగ్’, ‘ద రూల్ ఆఫ్ నేమ్స్’ వెలువడ్డాయి. దీవుల లోకం, ఒక ప్రాణి అసలు పేరు తెలిసినవారికి దాని మీద అధికారం చిక్కుతుందన్న నియమం వీటిలోనే రూపుదిద్దుకున్నాయి. 1967లో పర్నాసస్ ప్రెస్ అధిపతి హెర్మన్ షైన్ కొంచెం పెద్ద పిల్లల కోసం ఒక పుస్తకం రాయమని అడిగాడు. మెర్లిన్, గాండాల్ఫ్ వంటి మాంత్రికులు ఎప్పుడూ ముసలివాళ్లుగానే కనిపిస్తారు, మరి వాళ్ల చిన్నతనం ఎలా గడిచింది, విద్య ఎక్కడ నేర్చుకున్నారు అన్న ప్రశ్న దగ్గర ఆమె ఆలోచన మొదలైంది. ముందుగా పెద్ద కాగితం మీద దీవుల పటం గీసుకుని, ఆ తర్వాతే కథలోకి దిగింది. భూగోళం కథకంటే ముందే పుట్టడం వల్ల ప్రతి ప్రయాణానికీ దూరం, దిక్కు, వాతావరణం ఏర్పడ్డాయి. గెడ్ ఎటు వెళ్లాలన్నా ఎదురుగాలినో పోటునో లెక్కలోకి తీసుకోక తప్పదు.

నవల వాదం ఈ భౌతిక వివరాల మీదే నిలబడింది. గెడ్ తొలి గురువు ఓగియన్ వాన కురిస్తే దాన్ని మళ్లించడు, చెట్టు కింద పడుకుంటాడు. శక్తి ఉండీ వాడకపోతే ఏం లాభమని శిష్యుడు లోలోపల చిరాకుపడతాడు. రోక్ దీవి పాఠశాలలో దీనికి జవాబు దొరుకుతుంది. ఒకచోట రప్పించిన వాన మరోచోట కరువు కావచ్చు, ఒక గులకరాయిని నిజంగా మార్చినా లోకపు సమతూకం కదులుతుంది. తరగతిలో విన్న ఈ పాఠం గెడ్ ఒంటికి పట్టేది పడవలోనే. దిబ్బ లాంటి ఒక దీవి దగ్గర పడవ పగిలిపోయినప్పుడు అతడు కొట్టుకొచ్చిన చెక్కలను మంత్రంతో కూర్చి మరొకటి చేసుకుంటాడు. ధ్యాస సడలితే ఆ చెక్కలు విడిపోతాయి. కనుక నిద్రపోవడానికి కూడా అతడు భయపడాలి. ఆ తర్వాత ఒక ముసలి జాలరి కంటి శుక్లాలను నయం చేసి అతని పాత పడవను పొందుతాడు. జాలరి దాని పేరు ‘లుక్‌ఫార్’గా మార్చమనీ, అణియానికి రెండు పక్కలా కళ్లు చిత్రించమనీ కోరతాడు. ఇక్కడ మంత్రం ఆధిపత్యంగా కాక ఇచ్చిపుచ్చుకోవడంగా మారింది. చివరి అధ్యాయంలో దీవులన్నీ దాటిన నడిసంద్రంలో గెడ్ నీడను దాని పేరుతో పిలుస్తాడు. అది అతని పేరే. తన తప్పును తనదని ఒప్పుకున్నవాడే సంపూర్ణుడవుతాడన్న ఈ ముగింపు కిశోర సాహిత్యంలో అపురూపమైనది, ఎందుకంటే ఇందులో చంపవలసిన శత్రువంటూ ఎవరూ మిగలరు.

విమర్శలు

ఈ నీడ కార్ల్ యూంగ్ మనోవిజ్ఞానానికి కథారూపమనీ, సముద్రం ఉత్త ప్రతీక అనీ కొందరి అభిప్రాయం. నవల రాసేనాటికి తాను యూంగ్‌ను చదవలేదని లె గ్విన్ చెప్పింది. పైగా ప్రతీకకు శుక్లాలు తీయించుకునే జాలరి, కారే పడవ అక్కర్లేదు. ఆమెకు పడవ నడిపిన అనుభవం అంతగా లేదన్నది నిజమే. అయినా ఇక్కడ పరీక్షకు నిలవాల్సింది నావికుడి నైపుణ్యం కాదు, ప్రకృతికి లొంగి పనిచేయడమనే నీతి. ఆ పరీక్షలో నవల నెగ్గింది. మరింత బలమైన ఆక్షేపణ స్త్రీల గురించినది. రోక్‌లో చదువు మగపిల్లలకే, పల్లె మంత్రగత్తెల విద్యకు లోకంలో చులకనే. ఈ లోపాన్ని సమర్థించడం కష్టం. రచయిత్రి కూడా సమర్థించకుండా 1990లో ‘తెహాను’ రాసి, శక్తి కోల్పోయిన గెడ్‌ను పక్కన నిలబెట్టి, టెనార్ అనే స్త్రీ కళ్లతో అదే లోకాన్ని తిరిగి చూపించింది. వర్ణం విషయంలో మాత్రం తొలి నవలే ముందడుగు వేసింది. గెడ్‌ది రాగిరంగు, అతని మిత్రుడు వెచ్ నల్లనివాడు, దోపిడీకి వచ్చే కార్గులు తెల్లవారు. అయినా చాలా ముఖచిత్రాలు గెడ్‌ను తెల్లవాడిగానే చూపాయి. 2004లో వచ్చిన అమెరికన్ టెలివిజన్ ధారావాహిక కూడా అదే చేయడంతో లె గ్విన్ బహిరంగంగా నిరసన తెలిపింది.

ఆదరణ, ప్రభావం

1969లో ఈ నవలకు బోస్టన్ గ్లోబ్–హార్న్ బుక్ పురస్కారం లభించింది. ‘ద టూంబ్స్ ఆఫ్ అటువాన్’ (1971), ‘ద ఫార్దెస్ట్ షోర్’ (1972) కథను కొనసాగించాయి. రెండోది 1973లో బాలసాహిత్య విభాగంలో నేషనల్ బుక్ అవార్డు పొందింది. 2001లో ‘టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ’, ‘ది అదర్ విండ్’ వచ్చాయి. జపాన్‌లో స్టూడియో జిబ్లీ 2006లో గోరో మియజాకీ దర్శకత్వంలో ఈ లోకాన్ని యానిమేషన్ చిత్రంగా తీసింది. 1997 తర్వాత హ్యారీ పోటర్ కథల ఆదరణతో మంత్రవిద్యా పాఠశాల అన్న ఊహ ప్రపంచమంతా పాకింది. అందువల్ల ఈ నవలను ఆ వరుసలో పూర్వరచనగా మాత్రమే లెక్కించే ధోరణి బలపడింది. అది సగం న్యాయమే. తర్వాతి రచయితలు ఎక్కువగా అందుకున్నది పాఠశాలను, సముద్రం నేర్పిన సంయమనాన్ని అందుకున్నవారు తక్కువ. నవలకు నిజమైన వారసత్వం ఆ రెండోదే కనుక, మొదటిసారి చదివేవారు దీవుల పటం పక్కన పెట్టుకుని గెడ్ పడవ వెళ్లిన దారిని గుర్తిస్తూ చదవడం మంచిది.