ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లో

చోడవరం నుంచి వడ్డాది, మాడుగుల మీదుగా పాడేరు వెళ్లే రోడ్డు గరికబంద దాకా మామూలు పల్లెటూరి రోడ్డే. అటూ ఇటూ చెరకు తోటలు, మధ్యలో చెరకు బళ్లు. గరికబంద దాటాక కొండ ఎత్తుకుంటుంది. పాడేరు చేరేసరికి సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంటాం. ఈ రోడ్డు ఎక్కడం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను దిగడం గురించి రాస్తాను. నేను బ్రేకు మేస్త్రిని. మాడుగుల రోడ్డు పక్కన షెడ్డులో లైనింగులు కొడుతూనే నా వయసు గడిచింది.

బ్రిటిషు కాలంలో వీరవల్లి తాలూకా కచేరీ చోడవరంలోనే ఉండేది. మైదానం సరుకు కొండకి, కొండ సరుకు మైదానానికి చేతులు మారే ఊళ్లలో మాదీ ఒకటి. పైకి బియ్యం, ఉప్పు, ఎండుచేపలు, బట్టలు పోయేవి. కిందికి చింతపండు, పసుపు, మిరియాలు, అడ్డాకులు, కలప వచ్చేవి. ఎద్దుల వీపుల మీద, కావిళ్ల మీద సాగినన్నాళ్లు ఈ వ్యాపారంలో బ్రేకు అనే మాటే లేదు. పెరికె ఎద్దు తన కాలు తనే చూసుకుని దిగుతుంది. చక్రం వచ్చాకే దిగుడు ప్రమాదమైంది.

ఈ తంటా మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండులో డెర్బీషైర్ అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడి బండివాళ్లు దిగుడులో చక్రానికి ఒరుసుకునే బ్రేకు దిమ్మకి పాత బూట్ల తోలు తొడిగేవాళ్లట. అది చూసిన హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో బ్రేకు లైనింగుల తయారీ మొదలుపెట్టాడు. తన పేరులోని అక్షరాలు అటూ ఇటూ మార్చి, భార్య ఎలిజబెత్ పేరులోంచి ఒక అక్షరం కలిపి ఫెరోడో అని పేరు పెట్టాడు. మా షెడ్డుకొచ్చే ముసలి డ్రైవర్లు ఏ కంపెనీ లైనింగునైనా ‘ఫెరోడా’ అనే అడిగేవాళ్లు. ఎక్కడి బూటు తోలు, ఎక్కడి మాడుగుల రోడ్డు!

లారీలు మాకు గట్టిగా వచ్చింది స్వాతంత్ర్యం తర్వాతే. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్ లారీలు మొదలయ్యాయి, మరుసటి ఏడాది మద్రాసులో అశోక్ మోటార్స్ కాస్తా అశోక్ లేలాండ్ అయింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. సంతలకి బియ్యం, ఉప్పు ఎక్కించి, చింతపండు దించే పని లారీల చేతికొచ్చింది.

బరువుతో దిగే బండిలో ఏం జరుగుతుందో లెక్క కట్టి చూడండి. 16 టన్నుల లారీ 700 మీటర్లు దిగిందనుకుందాం. ఆ దిగుడులో పుట్టే శక్తంతా బ్రేకుల్లోకే పోతే, 370 లీటర్ల చన్నీళ్లని సలసలా మరిగించేంత వేడి వస్తుంది. అదంతా అరగంటలో నాలుగు డ్రమ్ముల్లోకి చేరాలి. డ్రమ్ము పోత ఇనుము. వేడెక్కితే వ్యాకోచించి, లోపల లైనింగు బిగించిన షూలకి దూరం జరుగుతుంది. డ్రైవరు ఇంకా గట్టిగా తొక్కుతాడు, షూ ఇంకా దూరం పోయి పట్టాలి, ఒక హద్దు దాటాక ఎంత తొక్కినా పట్టదు. ఈలోగా లైనింగులోని జిగురు కాలి పైకి తేలుతుంది. అప్పుడొచ్చే వాసన ఒకసారి పీలిస్తే మరిచిపోలేం. ఆయిల్ బ్రేకు బండైతే మరో గండం ఉంది. బ్రేకాయిలు గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది. కొత్త డాట్-3 ఆయిలు 205 డిగ్రీల దాకా మరగదు, చెమ్మ పట్టినదైతే 140కే మరగొచ్చు. మనది సముద్రపు గాలి, పైగా నాలుగు నెలలు వాన. పాత ఆయిలుతో ఘాట్ దిగితే పైపుల్లో బుడగలు లేచి పెడలు ఒక్కసారిగా అడుక్కి పోతుంది.

అందుకే మా మేస్త్రి కుర్రాళ్లకి మొదటి రోజే చెప్పేవాడు. ‘‘ఒరే బాబూ, ఏ గేర్లో ఎక్కినావో ఆ గేర్లోనే దిగు. బ్రేకు ఆపడానికిరా, మొయ్యడానికి కాదు.’’ బరువు మోయాల్సింది ఇంజను. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాణ్ణి ఆయన షెడ్డులోకే రానిచ్చేవాడు కాదు.

ఈ చదువుకి బడి లేదు. క్లీనరుగా చేరడమే చదువు. క్లీనరు దగ్గర టైరు కింద వేసే చెక్క ఒకటి ఎప్పుడూ ఉండేది. పాడేరు ఘాట్‌లో మోదకొండమ్మ పాదాల దగ్గర బండి ఆగేది. డ్రైవరు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, బీడీ వెలిగించుకునేలోగా క్లీనరు దిగి చెక్క వేసి చక్రాల చుట్టూ తిరిగి వచ్చేవాడు. హబ్బు దగ్గరికి చెయ్యి తిప్పి, వెనకవైపు పెట్టి, తాకకుండా సెగ చూడాలి. ఒక చక్రం మిగతావాటి కంటే సెగలు కక్కుతుంటే అందులో షూ వదలడం లేదని అర్థం. చల్లగా ఉంటే అసలు పట్టడం లేదని, దాని వంతు కూడా మిగతా చక్రాలు మోస్తున్నాయని అర్థం. చల్లటి చక్రాన్ని చూసి సంతోషించేవాణ్ణి మేస్త్రి తిట్టేవాడు. అమ్మవారి దగ్గర ఆ కాసేపు ఆగడం వల్ల బ్రేకులూ ఆరేవి. భక్తీ, పనీ వేరువేరని అక్కడ ఎవరూ అనుకోలేదు. నేనూ అనుకోను.

చెక్క ఎందుకు, హ్యాండ్ బ్రేకు ఉంది కదా అని ఇప్పటి కుర్రాళ్లు అడుగుతారు. కాలుతున్న డ్రమ్ము మీద హ్యాండ్ బ్రేకు బిగిస్తే, ఆరేటప్పుడు డ్రమ్ము ముడుచుకుని షూలని కరుచుకుంటుంది. వంకర పోతుంది, ఒక్కోసారి పగులుతుంది. వాగు నీళ్లు తెచ్చి పోసినా అంతే. విప్పిన డ్రమ్ము లోపల నీలి మచ్చలు, వాటి మధ్య వెంట్రుకంత సన్నని చీలికలు కనబడితే అది నీళ్లు తిన్న డ్రమ్మో, పదేపదే కాలిన డ్రమ్మో అయి ఉంటుంది.

లైనింగు కొట్టే పని గురించి ఒక మాట రాయాలి, అది రాయకపోతే ఈ చరిత్ర సగమే. పాత లైనింగు రివెట్లు ఉలితో నరికి, షూ శుభ్రం చేసి, కొత్త ముక్క ఆనించి, మధ్య నుంచి అంచులకి ఇత్తడి రివెట్లు కొడుతూ పోతాం. అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో బోలు మిగిలి, అక్కడ వేడి చేరి లైనింగు పగులుతుంది. తర్వాత ఆకురాయితో అంచులు వాలుగా రుద్దాలి. ఆ కాలపు లైనింగంటే ఆస్‌బెస్టాసే. వేడికి తట్టుకుంటుందని ప్రపంచమంతా దాన్నే వాడింది. డ్రమ్ములోని నల్లపొడిని గాలిగొట్టంతో ఊదేవాళ్లం, ముక్కుకి గుడ్డ కూడా ఉండేది కాదు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి కూర్చుని ప్రాణం తీయగలదని మాకు చెప్పినవాళ్లు లేరు. బ్రిటన్ 1999లో తెల్ల ఆస్‌బెస్టాస్‌ను నిషేధించింది. మా షెడ్డుల్లో దగ్గుతూ పోయినవాళ్ల రోగానికి ఎవరూ పేరు పెట్టలేదు. లారీ క్షేమంగా దిగితే డ్రైవరుకి దండం పెట్టారు. ఆ దండంలో లైనింగు కొట్టినవాడికీ వాటా ఉంది.

రోడ్డు వేసినవాళ్లకీ ఉంది. పడమటి వైపు నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే కొండ రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులని కూలి సరిగా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. అల్లూరి సీతారామరాజు వెనక మన్యం కదలడానికి అదీ ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి జరిగింది. ఆ రోజుల్లో ఈ కొండల్లో వేసిన దారులు గుర్రాలకీ, ఎడ్లబళ్లకీ, అధికారుల మకాములకీ వేసినవి. తర్వాత వెడల్పు చేసినా కొండ వంపు మారదు కదా. ఇవాళ 16 టన్నుల బండి ఆ వంపులోనే తిరగాలి.

క్లీనరు అనే ఉద్యోగం మెల్లగా మాయమైంది. జీతం మిగుల్చుకోవాలని యజమానులు, పవర్ బ్రేకులు ఉన్నాయి కదా అని డ్రైవర్లు. ఇంజను పొగకి అడ్డుపడి బండిని నిలవరించే ఎగ్జాస్ట్ బ్రేకు నిజంగా మంచి సాధనం, వాడితే లైనింగు చాలాకాలం నిలుస్తుంది. కానీ అది పని చేయాలన్నా బండి గేరులో ఉండాలి. రైల్వేవాళ్లు ఘాట్ దిగే ముందు బండి ఆపి బ్రేకు పరీక్ష చేస్తారు. మన రోడ్లకి అలాంటి ఏర్పాటు ఎందుకు లేదని నా బాధ. 2021 ఫిబ్రవరి 12న అనంతగిరి దగ్గర డముకులో హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు పోయారు. ఘాట్ పై అంచున, దిగుడు మొదలయ్యే చోట, ప్రతి పెద్ద బండినీ కాసేపు ఆపి చూసే మనిషి ఒకడుంటే ప్రభుత్వానికి ఎంత ఖర్చని?

ఇప్పుడు లంబసింగి, వంజంగి మంచు చూడ్డానికి కారవాన్లు కూడా వస్తున్నాయి. మంచాలు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, జనరేటరు అన్నీ ఒక వ్యాను చాసీ మీద మోస్తాయి. ఒక్కోసారి ఖాళీగా తిరిగే లారీకి భిన్నంగా, ఇవి ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. నడిపేవాళ్లు చాలామంది హైవే డ్రైవర్లు. గరికబంద దగ్గర పొగలు కక్కుతూ ఆగి షెడ్డుకి ఫోన్ చేస్తారు.

వాళ్లకి నేను చెప్పేది ఇదే. మనుషులందర్నీ దించండి. టైర్ల కింద రాళ్లో చెక్కలో వేసి, బండిని గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలేయండి. నీళ్లు పోయకండి. చక్రాల దగ్గర నిలబడకండి, వేడికి టైరు పేలొచ్చు. గంటసేపు ఆగండి, తొందరేముంది. తర్వాత సెకండ్ గేరులో చోడవరం దాకా వచ్చి చక్రాలన్నీ విప్పించండి. హబ్బు గ్రీజు కరిగి లైనింగు మీదికి వచ్చిందేమో చూడాలి, ఆయిలు మొత్తం మార్చాలి. కాలిన లైనింగుని ఒక్క వైపే మార్చమని అడగొద్దు. ఆ ఇరుసుకి రెండు వైపులా వెయ్యాలి, లేకపోతే బ్రేకు కొట్టగానే బండి ఒక పక్కకి లాగేస్తుంది.